చెబితే పోయే మంత్రం, చెప్పకపోతే పోయే స్క్రిప్టు

మా చిన్నప్పుడు ఊళ్ళో తేలు మంత్రం వేసే ఆయన ఒకాయన ఉండేవాడు. ఎవరెంత బతిమాలినా ఆ మంత్రం ఏమిటో చెప్పేవాడు కాదు. చెబితే పని చెయ్యదట! పచ్చకామెర్లకి పసరు పోసేవాళ్ళదీ ఇదే వరస. ఆకు పేరు బయటపెడితే దాని గుణం పోతుందంటారు. చాలా తేళ్ళ నొప్పి మంత్రం వేసినా వెయ్యకపోయినా కొన్ని గంటల్లో తగ్గేదే. (ఎర్రతేలు సంగతి వేరు. అది కుడితే మంత్రగాడి అరుగు మీద కాదు, ఆసుపత్రిలో ఉండాలి.) కామెర్లలోనూ కొన్ని రకాలు వాటంతటవే నయమవుతాయి. ఇలా తగ్గినవన్నీ మంత్రం ఖాతాలో, పసరు ఖాతాలో జమ పడతాయి. తగ్గనివాళ్ళ లెక్క ఏ ఖాతాలోనూ పడదు. ఈ జమాఖర్చు సాగాలంటే రహస్యం తప్పనిసరి. పదిమందికీ చెబితే పదిమందీ పరీక్షించి చూస్తారు కదా!

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన మనుషుల కథ ఒకటి చెప్పాలనుకుంటున్నాను. వాళ్ళు శాస్త్రవేత్తలు కారు. హేతువాదులమని చెప్పుకున్నవాళ్ళూ కారు. కంప్యూటర్లో తమ అవసరానికి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకునే బడిపంతుళ్ళు, డాక్టర్లు, చిన్న వ్యాపారస్తులు, వాళ్ళతోపాటు అసలు సిసలు ప్రోగ్రామర్లు కొందరు. 1987లో హైపర్‌టాక్ అనే భాషతో మొదలైన గుంపు ఇది. ఆ భాషకి పుట్టిన పిల్లలతో, మనవలతో ఇప్పటికీ ఏదో ఒక రూపంలో సాగుతోంది. ఒకసారి రాసిన స్క్రిప్టు మాకింటాష్ మీదా, విండోస్ మీదా, లైనక్స్ మీదా మార్పు లేకుండా నడవాలన్నది తర్వాత తర్వాత వాళ్ళ తాపత్రయం అయింది. ఆ పనిలో ఒకరికొకరు ఎలా సాయపడ్డారు, ఆ సాయం చివరికి ఎవరి ఖాతాలో పడింది అన్నదే నా విషయం. నేను ప్రోగ్రామర్ని కాను. బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు పరీక్షించి రిటైరైనవాణ్ణి. కానీ ఆ గుంపు సాయం నేనూ పొందాను. అందుకని నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటాను.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇచ్చిపుచ్చుకోవడం హైపర్‌టాక్‌తోనే పుట్టలేదు. 1955లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఐబీఎం 704 యంత్రం తీసుకోబోతున్న సంస్థలు కలిసి 'షేర్' అనే సంఘం పెట్టుకున్నాయి. వాటిలో ఎక్కువ భాగం విమానాల కంపెనీలు. అమెరికా సైన్యం కాంట్రాక్టుల కోసం ఒకదానితో ఒకటి పోటీపడేవే! అయినా, యంత్రం వచ్చిన ప్రతిచోటా అదే అసెంబ్లరునీ, అదే వర్గమూలం లెక్కనీ మళ్ళీ మొదటినుంచీ రాసుకోవడం శుద్ధ దండగని గ్రహించాయి. యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో రాయ్ నట్ రాసిన అసెంబ్లరుని షేర్ సభ్యులంతా తమదిగా తీసుకున్నారు. సైన్యం ఖర్చులు చూసిన నాకు ఇది భలే ముచ్చటగా ఉంటుంది. ఒకే పనికి నాలుగు చోట్ల నాలుగు బిల్లులు పడకుండా అడ్డుపడింది ఆడిటర్లు కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్ళే.

ఎదురు వాదన కూడా చెప్పాలి. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్, ఇళ్ళలో కంప్యూటర్లు కూర్చుకునే ఔత్సాహికులకి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ యంత్రం కోసం తాము తయారుచేసిన బేసిక్‌ని డబ్బు కట్టకుండా కాపీలు తీసుకుంటున్నారనీ, ఇలాగైతే మంచి ప్రోగ్రాము ఎవరు రాస్తారనీ అందులో నిలదీశాడు. మనకి గేట్స్ నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ అది తీసిపారేసే ప్రశ్న కాదు. కాస్త ముందుకు వెళ్ళాక అదే ప్రశ్న మళ్ళీ మన దారికి అడ్డం వస్తుంది.

ఇక అసలు కథ. 1987 ఆగస్టులో ఆపిల్ కంపెనీ హైపర్‌కార్డ్‌ని విడుదల చేసింది. దాన్ని తయారుచేసినవాడు బిల్ అట్కిన్సన్. 2025 జూన్‌లో పోయాడు. అందులోని హైపర్‌టాక్ భాష డాన్ వింక్లర్ పని. ప్రతి కొత్త మాకింటాష్‌తోనూ దీన్ని ఉచితంగా ఇవ్వాలి అన్న షరతు మీదే అట్కిన్సన్ హైపర్‌కార్డ్‌ని ఆపిల్‌కి ఇచ్చాడు. 1985లో ఎల్‌ఎస్‌డీ మత్తులో ఉండగా ఈ ఆలోచనకి ప్రేరణ దొరికిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. దివ్యదర్శనాల మీద నమ్మకమున్న మిత్రులు దీన్ని సాక్ష్యంగా వాడుకోవద్దని మనవి. దర్శనం ఎవరికైనా కావచ్చు. అది యంత్రం మీద నడవడానికి మాత్రం మెలకువగా కూర్చుని రెండేళ్ళు పని చెయ్యాల్సి వచ్చింది.

హైపర్‌కార్డ్‌లో తెర మీద ఒక కార్డు కనిపిస్తుంది. ఇలాంటి కార్డుల కట్టని 'స్టాక్' అంటారు. కార్డు మీద బటన్లు, రాసుకోవడానికి గళ్ళు. ప్రతి బటన్ వెనకా ఒక చిన్న స్క్రిప్టు. 'గో టు నెక్స్ట్ కార్డ్' అని రాస్తే తర్వాతి కార్డు వస్తుంది, అంతే. కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు చదివి అర్థం చేసుకోగల భాష. వాడుకరికి అయిదు మెట్లు పెట్టారు. చూడడం, టైపు చెయ్యడం, బొమ్మ గియ్యడం, కార్డులు తయారుచెయ్యడం, చివరిది స్క్రిప్టు రాయడం. అయిదో మెట్టులో ఉన్నవాడు రెండు కీలు నొక్కిపట్టి బటన్ మీద క్లిక్ చేస్తే దాని వెనకున్న స్క్రిప్టు మొత్తం కళ్ళముందుకి వచ్చేది. తాళం వేసి దాచుకునే వీలు ఉన్నా చాలామంది వేసేవారు కాదు. ఎదుటివాడి స్టాక్‌లో పని ఎలా చేశాడో చూడాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, లెడ్జరు బల్లమీద తెరిచే ఉంది. నేర్పడమూ, నేర్చుకోవడమూ వస్తువులోనే ఇమిడి ఉన్నాయి. నా లెక్కలో హైపర్‌కార్డ్ గొప్పతనం బొమ్మల్లో లేదు, ఇక్కడ ఉంది.

దాంతో స్టాకులు చేతులు మారసాగాయి. బోస్టన్ కంప్యూటర్ సొసైటీ అని ఒకటి ఉండేది. 1977లో దాన్ని మొదలుపెట్టిన జొనాథన్ రోటెన్‌బర్గ్‌కి అప్పటికి 13 ఏళ్ళు! బర్క్‌లీలో 1984లో పుట్టిన మాకింటాష్ వాడుకరుల సంఘం మరొకటి. ఇలాంటి సంఘాల సమావేశాల్లో ఒకాయన లేచి నా స్క్రిప్టు ఇక్కడ ఆగిపోతోంది అంటే, వెనక వరసలోంచి ఇంకొకాయన ఎందుకు ఆగిపోతోందో చెప్పేవాడు. స్టాకులు ఫ్లాపీల మీద నామమాత్రపు ఖర్చుకి దొరికేవి. వాటిలో చెత్తా ఉండేది, ఆణిముత్యాలూ ఉండేవి. మిస్ట్ అనే ప్రసిద్ధమైన ఆట (1993) హైపర్‌కార్డ్‌లో తయారైనదే. వార్డ్ కనింగ్‌హమ్ హైపర్‌కార్డ్‌లో చేసుకున్న ఒక స్టాక్ ఆలోచనే 1995లో మొదటి వికీగా మారింది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాకి ఈ లెక్కన అది ముత్తాత.

1990 ప్రాంతంలో ఆపిల్ హైపర్‌కార్డ్‌ని తన అనుబంధ కంపెనీ క్లారిస్‌కి అప్పగించింది. కొత్త మాకింటాష్‌తో ఉచితంగా వచ్చే ప్రతిలో పై మెట్లు కనబడకుండా చేశారు. పూర్తి ప్రతి కావాలంటే డబ్బు కట్టాలి. అయితే ఆ ఉచిత ప్రతిలో ఒక మూల 'మ్యాజిక్' అని టైపు చేస్తే దాచిన మెట్లన్నీ మళ్ళీ కనిపించేవి! ఈ సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకిపోయింది. మంత్రం అంటే ఇదీ. ఎంతమందికి చెప్పినా శక్తి తగ్గలేదు. పైగా ఎందుకు పని చేస్తుందో అందరికీ తెలుసు. రాసినవాళ్ళు ఆ తలుపు అక్కడ పెట్టారు కాబట్టి.

హైపర్‌కార్డ్‌కి పెద్ద లోటు ఒకటుంది. అది మాకింటాష్ గడప దాటలేదు. లోకం మాత్రం విండోస్ వైపు వెళ్ళిపోతోంది. యూనివర్సిటీల్లో యూనిక్స్ యంత్రాలు. అయిదారేళ్ళు కష్టపడి రాసుకున్న స్టాకులు ఏం కావాలి? అమెరికాలో స్కాట్ రేనీ అనే ఆయన 1992లో మెటాకార్డ్ అని ఒకటి తెచ్చాడు. మొదట యూనిక్స్ మీద నడిచేది, తర్వాత విండోస్, మాక్‌లకీ వచ్చింది. హైపర్‌కార్డ్ స్టాకులు అందులో తెరుచుకునేవి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో కంపెనీ ఒకటి మెటాకార్డ్ ఇంజను మీద 2001లో రన్‌టైమ్ రెవల్యూషన్‌ని కట్టింది, 2003లో ఆ ఇంజనునే కొనేసింది. 2010లో దాని పేరు లైవ్‌కోడ్ అయింది.

ఒకే స్క్రిప్టు మూడు రకాల యంత్రాల మీద నడవాలి అనడం తేలిక. నడిపించబోతే తెలుస్తుంది. ఫైలు ఉన్న చోటు చెప్పడానికి పాత మాక్‌లో ఫోల్డర్ల మధ్య రెండు చుక్కలు, విండోస్‌లో వెనక్కి వాలిన గీత, యూనిక్స్‌లో ముందుకి వాలిన గీత. 233 అనే అంకె విండోస్‌లో ఒక ఫ్రెంచి అక్షరం, పాత మాక్‌లో ఇంకో అక్షరం. (తెలుగువాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. ఒక్కో పత్రికకీ ఒక్కో ఫాంటు ఉన్న రోజుల్లో ఒకరి తెలుగు ఇంకొకరి యంత్రంలో గజిబిజి గీతలు. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగు ఉన్నా, లైవ్‌కోడ్ పూర్తిగా యూనికోడ్‌కి మారింది 2014లో.) ఇవన్నీ కనబడే తేడాలు. కనబడని తేడాలే మనుషుల్ని ఏడిపించాయి.

కాలం సంగతే తీసుకోండి. హైపర్‌టాక్‌ని ఇప్పుడు ఎన్ని సెకన్లు అని అడిగితే 1904 జనవరి 1 నుంచి లెక్కపెట్టి చెబుతుంది. 1900 లీపు సంవత్సరం కాదు. 1904 నుంచి మొదలుపెడితే నాలుగేళ్ళకోసారి లీపు అన్న చిన్న సూత్రం చాలు, 2100 దాకా తప్పదు. మెటాకార్డ్ సంతతి మాత్రం యూనిక్స్ పద్ధతిలో 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. పాత స్టాక్‌లో దాచిన తేదీలు కొత్తదానిలో 66 ఏళ్ళు ముందుకి దూకుతాయి. మధ్య 24,107 రోజులు, అంటే 2,08,28,44,800 సెకన్లు తీసెయ్యాలి. ఇంతటితో అయిందా? పాత మాక్ స్థానిక సమయాన్ని లెక్కపెట్టేది, కొత్తది గ్రీనిచ్ సమయాన్ని. శీతాకాలంలో లండన్‌లో కూర్చుని పరీక్షించినవాడికి తేడా కనబడదు. మన దేశంలోవాడికి ఇంకో 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు తేడా వస్తుంది. ఇలాంటి పొరపాటు బయటపడాలంటే ఒక్కడి మేధస్సు సరిపోదు. వేరే చోట, వేరే యంత్రం మీద అదే స్క్రిప్టు నడిపి చూసిన రెండో మనిషి కావాలి.

మాట వచ్చింది కాబట్టి మా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి. లోటస్ 1-2-3లో 1900ని లీపు సంవత్సరంగా తప్పు లెక్క కట్టారు. దానితో పొత్తు కుదరాలని ఎక్సెల్ ఆ తప్పుని తెలిసి తెలిసీ తీసుకుంది. మాక్ ఎక్సెల్ మాత్రం 1904 నుంచి లెక్కపెట్టేది. రెండిటికీ తేడా 1,462 రోజులు. ఇందులో 1,461 నిజమైన కారణాల వల్ల కాదు, 1,460 మాత్రమే జరిగిన రోజులు. ఒకటి 1900 జనవరి 1ని సున్నా అనకుండా ఒకటి అనడం వల్ల, ఇంకొకటి ఎప్పుడూ రాని 1900 ఫిబ్రవరి 29 వల్ల! ఆ లేని రోజు ఇవాళ్టికీ ఎక్సెల్‌లో ఉంది. తప్పు ఎలా సంప్రదాయం అవుతుందో ఎవరికైనా చూపించాలంటే నేను ఈ తేదీనే చూపిస్తాను.

సంప్రదాయాలు ప్రోగ్రామర్లకీ ఉన్నాయి. వాళ్ళేమీ పై లోకం నుంచి దిగిరాలేదు. పాత మాక్ కాస్త మొరాయిస్తే నాలుగు కీలు ఒకేసారి నొక్కిపట్టి యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టడం ఒక కర్మకాండ. దానితో నయమయ్యే జబ్బులు కొన్నే, చేసేది అన్నిటికీ. స్క్రిప్టుల్లోనూ అంతే. ఎవరో ఎక్కడో రాసిన 'ఒక క్షణం ఆగు' అన్న వరసని ఎందుకో తెలియకుండానే అందరూ తమ స్క్రిప్టులో ఇరికించుకునేవారు. 1974లో ఫిజిక్స్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఉపన్యాసంలో పసిఫిక్ ద్వీపవాసుల గురించి చెప్పాడు. యుద్ధంలో విమానాలు సరుకులు తెచ్చాయి కదా అని, యుద్ధం అయిపోయాక రన్‌వే లాంటిది చేసి, చెక్క పరికరాలు చెవులకి పెట్టుకుని ఎదురుచూశారట. రూపం అంతా ఉంది, విమానం రాదు. అర్థం తెలియని వరసల్ని కాపీ కొట్టడాన్ని ప్రోగ్రామర్లు ఆ కథ పేరుతోనే ఎగతాళి చేసుకుంటారు.

ఎగతాళితో ఆగిపోకపోవడం నాకు నచ్చింది. ఈ పద్ధతి వేగం, కాదు ఆ పద్ధతి వేగం అని వాదన వస్తే తేల్చే సాధనం భాషలోనే ఉంది. హైపర్‌టాక్‌లో 'టిక్స్' అంటే సెకనులో అరవయ్యో వంతు. పని మొదట్లో టిక్స్ రాసుకో, వెయ్యి సార్లు చెయ్యి, చివర్లో తీసివెయ్యి. పెద్దవాడు చెప్పాడా చిన్నవాడు చెప్పాడా అన్నది అనవసరం. నా మాట నమ్మకు, నీ యంత్రం మీద నడిపి చూడు అనడం అక్కడ మర్యాద. మన దగ్గర ఎవరితోనైనా ఆ మాట అంటే మర్యాద తప్పినట్టు చూస్తారు.

నా అనుభవం చెబుతాను. లైవ్‌కోడ్ ఉచిత ప్రతి వచ్చాక నేను ఇంట్లో లైనక్స్ మీద ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. 2018లో, తెలిసిన పెన్షనర్ల సంఘం వాళ్ళు ఏడో వేతన సంఘం సవరణల ఎరియర్స్ ఎవరికి అందాయో, ఎవరికి అందలేదో చూసిపెట్టమన్నారు. విండోస్ యంత్రంలో తయారైన జాబితా, దాదాపు 10,000 వరసలు. చివరి గడిలో అందితే 'యస్', లేకపోతే 'నో'. నా స్క్రిప్టు నడిపితే ఒక్కరికి కూడా అందలేదని తేలింది! కంటికి 'యస్' కనిపిస్తూనే ఉంది. మూడు రాత్రులు తల బాదుకున్నాను. చివరికి సిగ్గు విడిచి, ఆ భాష తెలిసినవాళ్ళని అడిగాను. ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉన్న రిటైర్డ్ టీచరు ఒకావిడ జవాబు రాశారు. ఆవిడ నాకు పరిష్కారం చెప్పలేదు. మొదటి వరసలో చిట్టచివరి అక్షరం అంకె ఎంతో యంత్రాన్నే అడగండి అన్నారు. అడిగాను. 13 అంది.

వరస ముగిసిందని చెప్పడానికి పాత మాక్ 13 రాసేది, యూనిక్స్ 10 రాస్తుంది, విండోస్ 13, 10 రెండూ రాస్తుంది. పాత టెలిటైపు యంత్రంలో బండిని ఎడమకి లాగడానికి ఒక గుర్తు, కాగితాన్ని పైకి జరపడానికి ఒక గుర్తు ఉండేవి. బండీ పోయింది, కాగితమూ పోయింది, గుర్తులు మిగిలాయి. విండోస్ ఫైలుని లైనక్స్‌లో చదివితే 10 దగ్గర వరస తెగుతుంది, 13 మాత్రం 'యస్'కి తోకలా అంటుకుని ఉంటుంది. కంటికి కనపడదు. పోల్చి చూసినప్పుడు మాత్రం అది 'యస్' కాదు.

ఆ తోక కత్తిరించాక జాబితా సరిగ్గా వచ్చింది, కానీ నత్తనడక. ఇంకొకాయన, ఈయన ఏ దేశమో కూడా నాకు తెలియదు, నా స్క్రిప్టు చూసి నవ్వినట్టున్నాడు. నేను ఒకటో వరస తీసుకో, రెండో వరస తీసుకో అంటూ 10,000 దాకా రాశాను. 9,000వ వరస కావాలంటే యంత్రం ప్రతిసారీ మొదటినుంచీ వరసల చివరలు లెక్కపెట్టుకుంటూ రావాలి. వోచరు వోచరుకీ లెడ్జరు మూసేసి, మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పే గుమాస్తాని ఊహించుకోండి. మొత్తం 5,00,05,000 వరసల లెక్క! దానికి బదులు 'రిపీట్ ఫర్ ఈచ్ లైన్' అని రాస్తే యంత్రం ఆగిన చోట వేలు పెట్టుకుని ముందుకి సాగుతుంది. 10,000తో పని అయిపోతుంది. మార్చి నడిపాను. కాఫీ కలుపుకోవడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను, అంతలో అయిపోయింది.

నేను పనిచేసిన ఒక చోట జీతాల బిల్లుల ప్రింటు తీసే విధానం ఒక్క గుమాస్తాకే తెలుసు. ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆయన కూతురి పెళ్ళికి సెలవు పెడితే సెక్షన్‌లో జీతాలు ఆగాయి. తిరిగి వచ్చాక ఆయన గౌరవం ఇంకా పెరిగింది! నేను ఆయన్ని తప్పుపట్టలేను, ఆయనకి ఉన్న ఆస్తి అదొక్కటే. ఆస్ట్రేలియా టీచరుకి నాకు చెప్పడం వల్ల ఏం పోయింది? ఏమీ పోలేదు అనడం తేలికే. ఒక సాయంత్రం పోయింది. అలాంటి సాయంత్రాలు వేలకి వేలు, ముప్ఫై ఏళ్ళకి పైగా. వాటి విలువ ఏ పుస్తకంలో రాశారు? గేట్స్ ప్రశ్న ఇక్కడే మళ్ళీ ఎదురవుతుంది.

హైపర్‌కార్డ్ యజమాని ఆపిల్. కొత్త వెర్షన్ ఒకటి 1996లో ప్రదర్శించి కూడా విడుదల చెయ్యలేదు. 2004లో అమ్మకం ఆపేసింది. స్టాకులు రాసుకున్నవాళ్ళని ఎవరూ అడగలేదు. మెటాకార్డ్, రెవల్యూషన్ ఉన్నాయి కాబట్టి కొందరు తమ పనిని మోసుకుని అటు వెళ్ళగలిగారు, అదీ ఒకరి స్క్రిప్టు ఒకరు సరిదిద్దుకుంటూ. 2013 మొదట్లో లైవ్‌కోడ్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. చందాలు ఇస్తే ఇంజను మొత్తాన్ని కొత్తగా కట్టి, మూల ప్రోగ్రాముతో సహా అందరికీ విడుదల చేస్తామన్నారు. 3,50,000 పౌండ్లు అడిగితే 4,90,000కి పైగా వచ్చాయి. ఇచ్చినవాళ్ళు మూడు వేల మందికి పైనే. అదే ఏడాది జీపీఎల్ లైసెన్సు కింద కమ్యూనిటీ ఎడిషన్ వచ్చింది. నాబోటివాడు వాడుకోగలిగింది అందువల్లే. 2021 ఆగస్టు 31న దాన్ని ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఉచితంగా వాడేవాళ్ళు ఎక్కువ, డబ్బు కట్టేవాళ్ళు తక్కువ, ఇలా నడవదు అన్నది వాళ్ళ వాదన సారాంశం.

మిత్రులు కొందరు దీన్ని మోసం అన్నారు. నేను అంత దూరం వెళ్ళను. ఇంజను రాసేవాళ్ళకి నెల తిరిగేసరికి జీతాలు ఇవ్వాలి, జీతాల బిల్లులు చూసినవాడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. లైసెన్సు ప్రకారం 2021 వరకూ విడుదలైనదాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు, తీసుకోలేదు కూడా. అయితే ఒక మాట. చందా ఇచ్చినవాళ్ళు ఇంజను కోసమే ఇవ్వలేదు, తలుపు తెరిచి ఉంటుందన్న మాట కోసం ఇచ్చారు. ఇక చిట్కాలు చెప్పినవాళ్ళు, తప్పులు పట్టి చూపించినవాళ్ళు, కొత్తవాళ్ళకి ఓపిగ్గా నేర్పినవాళ్ళు పెంచిన పేరు కంపెనీ ఆస్తిపట్టికలో ఏ పద్దు కింద ఉంది? మా భాషలో దాన్ని గుడ్‌విల్ అంటారు. కంపెనీని అమ్మితేనే దానికి ధర కడతారు, ఆ ధర యజమానికి చేరుతుంది. సంపాదించిపెట్టినవాళ్ళకి చేరే దారి అకౌంటెన్సీలో లేదు. గేట్స్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే, కానీ సగమే అడిగాడు. డబ్బు లేకుండా మంచి ప్రోగ్రాము ఎవరు రాస్తారు అన్నాడు. డబ్బు లేకుండా దాన్ని లోకానికి నేర్పిపెట్టింది ఎవరు అన్నది మిగతా సగం.

2017లో, హైపర్‌కార్డ్‌కి ముప్ఫై ఏళ్ళు నిండినప్పుడు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు పాత స్టాకుల్ని ఇప్పటి కంప్యూటర్లో పాత మాక్‌ని అనుకరించి నడిపేలా ఏర్పాటు చేశారు. అవి ఇన్నాళ్ళు మిగలడానికి కారణం ఆపిల్ బీరువా కాదు. ఎవరెవరి ఇళ్ళలోనో ఫ్లాపీల మీద కాపీలు ఉండబట్టి. 2021 తర్వాత కొందరు కమ్యూనిటీ ఎడిషన్ మూల ప్రోగ్రాముని తీసుకుని ఓపెన్‌ఎక్స్‌టాక్ పేరుతో ముందుకి నడిపించే ప్రయత్నం మొదలుపెట్టారు. పెద్ద బలగం లేదు, డబ్బు అసలే లేదు.

నా లైనక్స్ యంత్రంలో ఆ 2021 నాటి ప్రతి ఇప్పటికీ ఉంది. మొన్న పెన్షనర్ల సంఘం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వయసులో నాకంటే పెద్ద, ఒకప్పుడు నాకు సెక్షన్ ఆఫీసరు. "ఏమయ్యా, ఆ ఎరియర్స్ లెక్క చేసే సరంజామా నీ దగ్గర ఉందటగా. మా మనవడు కంప్యూటర్లు చదువుతున్నాడు, వాడికి చూపిస్తావా?" అన్నారు. "చూపించడం ఏమిటి సార్, పట్టుకెళ్ళమనండి" అన్నాను. కుర్రాడు ఆదివారం వచ్చాడు. పెన్ డ్రైవులో స్క్రిప్టూ, కమ్యూనిటీ ఎడిషనూ ఎక్కించి ఇచ్చాను. వరసల చివర 13 ఉందేమో ముందు చూసుకోమని చెప్పాను. ఎందుకు తాతగారూ అన్నాడు. టెలిటైపు బండి సంగతి మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, మరి ఈ లూపు ఇలా ఎందుకు రాశారు, దీన్ని ఇంకా తగ్గించవచ్చు అన్నాడు. నా కుర్చీలో కూర్చుని మార్చాడు. పాతదీ కొత్తదీ రెండూ నడిపి సమయం చూశాం. వాడిదే తక్కువ.